చుక్కలమ్మాయి చేయి జారలేదు

మందుల పరిశోధనశాలలో పనిచేసే చుక్కలమ్మాయికి చేయి జారి ఏదో ఒలికిందనీ, ఆ ఒలికినదాంతోనే పేరు కొట్టేసిందనీ వీధి వీధంతా చెవులు కొరుక్కుంటోంది. ఒలికితే తుడుచుకోవాలి గాని పేరెలా వస్తుంది? అసలు సంగతి వేరు.

ఆవిడ పని చుక్కలు వేయడం. అందుకే ఆ పేరు. మాత్ర మింగితే మందు నెత్తుట్లో తిరుగుతుందే గాని, మెదడు గడప తొక్కడం మహా కష్టం. ముక్కు పైభాగం నుంచి అక్కడికి దగ్గరి దారుంది. కంటికి ఆనని నలుసుల్లో మందు నింపి, ముక్కులో అంటుకుని నిలిచేలా రొయ్యపెంకుల నుంచి తీసిన జిగురు పూసి, ఆ దారిన పంపాలని వాళ్ళ తాపత్రయం. తీరా పూత వేసేసరికి నలుసులన్నీ ముద్దకట్టేవి. ఆరుసార్లూ అంతే. ఏడోసారీ ముద్దయితే పని మూసేస్తామన్నారు పైవాళ్ళు. అంటే ఆవిడ ఉద్యోగానికీ నీళ్ళొదులుకోవాల్సిందే.

నలుసులున్న సీసాలో జిగురు చుక్కలు వేయాలని పద్ధతి రాసిన కాగితంలో ఉంది. ఆవిడేమో పుస్తకాలకు అట్టలు కట్టే తండ్రి దగ్గర పెరిగిన పిల్ల. అట్టల జిగురు కాచేటప్పుడు పిండిమీద నీళ్ళు పోస్తే ఉండలు కడుతుందనీ, నీళ్ళు కలియబెడుతూ పిండి చల్లాలనీ ఆరేళ్ళకే మొట్టికాయలు తిని నేర్చుకుంది.

"తిరగేసి చూద్దామా సార్? జిగురు తిప్పుతూ అందులో నలుసులు వేద్దాం."

"ఇదేమన్నా అట్టలకు రాసే జిగురా తల్లీ? రాసింది రాసినట్టు చెయ్యి" అన్నాడు పెద్ద సారు.

ఏడోసారి ఆవిడ నలుసుల నీళ్ళను రెండు వాటాలు చేసింది. మొదటి వాటా రాసినట్టే చేసింది. విరిగిన పాలలా అయింది. రెండోదానికి జిగురును గిరగిరా తిప్పుతూ నలుసులను చుక్క చుక్కగా అందులో వదిలింది. గంట గడిచినా అడుగున మడ్డి లేదు. పల్చటి పాలలా, వెలుగుకు పెడితే నీలిఛాయ! పెద్ద సారు సీసా ఎత్తి చూశాడు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. నెల తిరక్కుండా ఎలుకల ముక్కులో వేస్తే మందు మెదడులో తేలింది. మూసేస్తామన్నవాళ్ళే మిఠాయిలు పంచారు. ఆవిడ ఉద్యోగం పర్మనెంటయింది.

ఆ సాయంత్రం కూరగాయలు తరుగుతున్న అత్తగారు ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"నాకు చెప్పవే, ఎవరికీ చెప్పన్లే. చేయి జారిందా, కావాలనే పోశావా?"

"మీకు చెబితే మైకులో చెప్పినట్టే గదా అత్తయ్యా! చెప్పండి, అందరికీ చెప్పండి. కావాలనే పోశాను. పోసేముందే ఏం చేయబోతున్నానో ల్యాబు పుస్తకంలో రాసి, తేదీ వేసి, కింద సంతకం కూడా పెట్టాను."