పక్క గదీ ఇట్టాగే ఉంటుంది

మా ఆయన సిపాయిగా చేసి పోయారు. నాకు కంటి ఆపరేషనని, ముందురోజే వత్సవాయి నుంచి నందిగామ వచ్చి మాజీ సైనికుల క్లబ్బులో గది తీసుకున్నాను. చూస్తే మంచం నిండా నల్లులు, బాత్‌రూము నిండా పాచి. ఆపరేషనైన కన్నుతో పడుకోవాల్సిన చోటు కదా! ఫినాయిలు వేసి కడిగాను, పరుపు ఎండలో దులిపాను.

సాయంత్రం మేనేజరు ఒక ఆఫీసరును వెంటబెట్టుకొచ్చాడు.

"చూశారా సార్, మన గదుల స్టాండర్డు! అమ్మా, ఇది సారుకిచ్చెయ్. నువ్వు పక్క గదిలోకి మారు. అదీ అచ్చం ఇట్టాగే ఉంటుంది."

"అట్టాగైతే సారునే అందులో దింపు నాయనా" అని గడపకడ్డంగా కూర్చున్నాను.

ఆఫీసరుగారు నవ్వి పక్క గదిలో దిగారు. తెల్లారి ఒళ్లంతా గోక్కుంటూ వచ్చారు.

"మీ గది ఒక్కటే అంత శుభ్రంగా ఎట్లా ఉందమ్మా?"

"వంగి కడిగా సార్" అన్నాను.

— చెప్పినది: మరియమ్మ, వత్సవాయి, రాసినది: మనవరాలు