చీమల దర్జీ

వీధిలో ఆమెకు పెట్టిన పేరు చీమల దర్జీ. బట్టలు కుట్టుకునే మనిషి నిప్పుచీమల్ని వదిలించే వీధి కమిటీలో ఎందుకు చేరిందో అందరికీ తెలుసు. కిందటి వేసవిలో రెండంటే రెండు చీమలు కుట్టినందుకే ఆమె మొగుడి గొంతు వాచి ఊపిరి ఆగినంత పనైంది. మళ్ళీ కుడితే చెప్పలేమన్నాడు డాక్టరు. తెలిసీ నవ్వారు.

కమిటీ మందు నూకల్లా ఉంటుంది. పుట్ట చుట్టూ చల్లితే చీమలు తిండనుకుని లోపలి రాణికి మోసుకెళ్తాయి. రాణి చస్తే పుట్ట ఖాళీ. కానీ వీధంతా ఒకే వారం చల్లాలి. ఆ పని చెడగొట్టేది పక్కింటి రిటైర్డు మాస్టారు. పుట్ట కనపడితే చాలు, మరిగే నీళ్ళ కెటిల్‌తో దిగుతాడు. పైనున్నవి చస్తాయి, రాణి గోడ దాటి దర్జీ పెరట్లో మకాం పెడుతుంది. ఈసారి ఆమె మాస్టారితో పోట్లాడి, నీళ్ళు పోయనని మాట తీసుకుని, రెండు పెరళ్ళలోనూ తనే చల్లింది.

మూడు వారాలకు మొగుడు కూర్చునే కుర్చీ కిందే కొత్త పుట్ట లేచింది. ఆమె మందు డబ్బాతోనే మాస్టారి గేటు దగ్గరికి వెళ్ళింది.

"మాట తప్పారు మాస్టారూ! మా ఆయన ప్రాణం మీకంత చులకనా?"

"నోరు జాగ్రత్త! కెటిల్ ముట్టుకుంటే ఒట్టు."

"మీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టండి!"

గోడల మీద తలలు లేచాయి. మాస్టారు ఒక చిప్స్ ముక్క తెచ్చి తన పెరట్లోని పుట్ట దగ్గర పెట్టాడు. పక్కనే ఆమె డబ్బాలోంచి చిటికెడు మందు పోశాడు. నిమిషాల్లో ముక్క కనపడకుండా చీమలు కమ్మేశాయి. మందు దాకా వచ్చిన చీమ వచ్చినట్టే పక్కకు తప్పుకుంది.

"వాసన చూడు."

చూసింది. మిషను నూనె. పిల్లలకు అందకూడదని డబ్బాను కుట్టుమిషను అరలో, నూనె బుడ్డి పక్కనే దాచింది. పరాయి వాసన పట్టిన మందును చీమలు ముట్టవని వీధిలో ఇంటింటికీ తిరిగి చెప్పింది ఆమే.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు మాస్టారు.

"తప్పు నాది."

"వెనక బెంచీకి వినపడలేదమ్మా."

"తప్పు నాదే!" గొంతు చించుకుని అరిచింది. వీధి పగలబడి నవ్వింది. ఆ నవ్విన మొహాలన్నిటినీ ఆమె ఒక్కొక్కటిగా గుర్తుపెట్టుకుంది.

"రేపు కొత్త డబ్బా తెస్తాను. గేటుకు తాళం వెయ్యకండి."

"వెయ్యను. డబ్బా మాత్రం మా ఇంట్లో ఉంటుంది."

కథల్లో రాక్షసుడి ప్రాణం చిలకలో ఉంటుంది. ఆమె మొగుడి ప్రాణం మర్నాటి నుంచి గిట్టనివాడి పుస్తకాల బీరువాలో ఉంది. చల్లాల్సిన ప్రతిసారీ గేటు దగ్గర నిలబడి, పళ్ళు కొరుక్కుంటూ, "మాస్టారూ, మందు" అని అడిగి తెచ్చుకుంది.