ఆదోని కోట దిగిన రోజు

శనివారం ఉదయం ఆరింటికి కర్నూలు బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు ఎక్కాం, నేనూ మా వదినా. కండక్టరు మా ఆధార్ కార్డులు చూసి ఆడవాళ్ల ఉచిత ప్రయాణపు సున్నా టికెట్లు రెండు చేతిలో పెట్టాడు. రెండు రోజుల ప్రయాణం, రెండు చిన్న సంచులు, ఒక పెద్ద నీళ్ల సీసా.

మా వదిన వసంత నా భర్తకు అక్క. నర్సుగా చేసి రిటైరయింది. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. పోయినేడాది నా ఎడమ కన్ను పోయింది. ఒక కన్ను పోతే సగం లోకం కనబడదని అనుకునేదాన్ని. అలా కాదు, అన్నీ కనబడతాయి, లోతే తెలియదు. దారం సూది పక్కనుంచి పోతుంది. టీ గ్లాసు పక్కన పడుతుంది. మెట్లు ఎక్కడం ఎలాగో అయిపోతుంది గానీ, దిగేటప్పుడు కింది మెట్టు చదును నేలలాగే ఉంటుంది. రెండుసార్లు పడ్డాను. ఆ తరువాత పది నెలలుగా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోకుండా నేను మెట్టు దిగింది లేదు.

"అలవాటు కావాలంటే నడవాల శారదా. ఇంట్లో కూర్చుంటే కాళ్లు కూడా మర్చిపోతాయి" అని వదిన పోరింది. పొద్దున వెళ్లి చీకటి పడకముందే తిరిగి రాగలిగిన నడకలు మూడు రాసుకున్నాను: గాజులదిన్నె డ్యాము కట్ట, ఆదోనిలో రణమండల కొండ మెట్లు, ఆదోని కోట.

బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడ ఉడికించిన చెనిక్కాయలు మా ఒళ్లో పోసి అడిగింది.

"యాడికి పోతాండారమ్మా ఇద్దురూ?"

"కొండలెక్కడానికి" అన్నాను.

"మొక్కుబడా?"

"కాదు, ఊరికే."

"ఊరికే ఎవురన్నా కొండెక్కుతారా తల్లీ!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కోడుమూరులో దిగేదాకా నవ్వుతూనే ఉంది.

ఏడున్నరకు గోనెగండ్లలో దిగి, ఆటోలో డ్యాముకు వెళ్లాం. వానలు బాగా పడిన ఏడాది, నీళ్లు నిండుగా ఉన్నాయి. కట్ట వెడల్పుగా, చదునుగా ఉంది. ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు పచ్చటి పొలాలు. పెద్దవాళ్లతో వచ్చేవారికి ఈ నడక చాలా మంచిది. నీడ మాత్రం ఉండదు, తొమ్మిదిలోపు ముగించుకోవాలి. నేను వదిన చెయ్యి పట్టుకోకుండా ఆ చివరిదాకా నడిచాను. అయితే వదిన రాళ్ల మీదుగా నీళ్లదాకా దిగి కాళ్లు తడుపుకుంటుంటే, నేను పైనే నిలబడిపోయాను. ఆమె పిలిచింది, నేను తల అడ్డంగా ఊపాను.

పదకొండుకల్లా ఎమ్మిగనూరు చేరాం. బస్టాండు దగ్గర లాడ్జిలో కింది అంతస్తులోనే గది అడిగి తీసుకున్నాం, ఎనిమిది వందలు. వెనకవీధిలో మగ్గాల చప్పుడు సాయంత్రందాకా వినబడింది. రాత్రి జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి తిని పెందరాళే పడుకున్నాం.

ఆదివారం ఆరున్నర బస్సుకు ఆదోని బయలుదేరాం. ఏడున్నరకు దిగి, వేడివేడి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాం. ఏ కొండకు వెళ్లాలో ఆటో అతన్ని అడిగాం.

"మెట్లు కావాల్నంటే రణమండల, రాళ్లు కావాల్నంటే కోట. మీ ఇష్టం అక్కా" అన్నాడు.

"మెట్లే" అంది వదిన.

"కోట" అన్నాను నేను.

నిన్న కట్ట మీద నిలబడిపోయినందుకు నా మీద నాకే కోపంగా ఉంది. వదిన నా ముఖం చూసి ఆటో ఎక్కింది.

ఎనిమిదింటికి ఎక్కడం మొదలుపెట్టాం. పెద్దపెద్ద గుండ్ల మధ్యనుంచి దారి, మధ్యలో కూలిన గోడలు, సీతాఫలం చెట్లు. ఆగుతూ, నీళ్లు తాగుతూ గంటలో పైకి చేరాం. కింద ఊరి కప్పులు, రాంజల చెరువు, ఆవల పత్తి చేలు. చాలాసేపు కూర్చున్నాం. ఒక్క కంటికి అంత లోకం దొరకడమే ఎక్కువనిపించింది.

దిగేటప్పుడు వచ్చింది చిక్కు. పదకొండు దాటేసరికి ఎండ నిటారుగా పడి రాళ్ల నీడలు పోయాయి. ఏ రాయి ఎక్కడ ముగుస్తుందో తెలియలేదు, అంతా ఒకే బండలా పరుచుకుని ఉంది. వదిన కిందినుంచి చెయ్యి అందించింది. నేను అడుగు వేశాను, అక్కడ రాయి లేదు. నా బరువుకు ఆమె కూడా జారింది. ఇద్దరం ఒక గుండుకు తగిలి ఆగాం. ఆమె అరచెయ్యి గీరుకుని రక్తం వచ్చింది.

"నేను పట్టుకోలేను శారదా. ఇద్దరం పడతాం" అంది వదిన. నలభై ఏళ్లు రోగులను లేపి కూర్చోబెట్టిన మనిషి ఆ మాట అనడం నేను మొదటిసారి విన్నాను. మొండిపట్టు పట్టి ఆమెను ఇక్కడికి తెచ్చింది నేనే. అక్కడే కూలబడిపోయాను.

అప్పుడే పైనుంచి ఒకామె సీతాఫలాల గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. నలభై ఏళ్లుంటాయి.

"ఏమక్కా, ఈడ కూసున్నావే? కాలు బెణికిందా?"

వదిన సంగతి చెప్పింది. ఆమె నా కళ్లలోకి చూసింది. అయ్యో అనలేదు.

"గంప నెత్తిన ఉంటే నాకూ కాళ్లు అగపడవు. రెండు కండ్లు ఉండి ఏం లాభం?" అంది.

"మరి ఎట్లా దిగుతావు?"

"కాలితోనే సూసుకుంటా. సెప్పులు ఇడిసి నా ఎనకాలే రా. నా గంప సూడు. అది ఎంత దిగితే నీ కాలు అంత దించు. రాయి తగిలినాకనే బరువెయ్యి."

నా చెప్పులు వదిన తీసుకుంది. నా ముందు గంప కదిలింది, బెత్తెడు కిందికి దిగింది. నేను కాలు బెత్తెడు దించాను. వేడి రాయి అరికాలికి తగిలింది. గంప ఈసారి జానెడు దిగింది. నాకు కొలతలు తెలుసు, ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని అదే. జానెడు దించాను. రాయి అక్కడే ఉంది. మూరెడు లోతున్న చోట ఆమె "కూసోని జారు" అని ముందే చెప్పేది. నా చెయ్యి మాత్రం ఒక్కసారి కూడా పట్టుకోలేదు. మా వెనక వదిన నా చెప్పులు పట్టుకుని దిగుతోంది.

కిందికి చేరేసరికి పన్నెండున్నర. నాకు ఏడుపు ఆగలేదు.

ఆమె పేరు సువార్తమ్మ, ఊరు కోసిగి. కాయల కాలంలో ఆదోనిలో చెల్లెలి ఇంట్లో ఉండి పండ్లు అమ్ముకుంటుంది. "ఇవి అయిపోతే గుంటూరు దిక్కు సుగ్గికి పోతాం, మిరప కోతకు. ఆడ రాళ్లుండవులే" అని నవ్వింది.

చేతులు జోడించబోతే నా చేతులు కిందికి దించేసింది. "నేనేం పట్టుకుంటినా నిన్ను? నువ్వే దిగినావు."

ఆమె దగ్గర డజను పండ్లు కొన్నాం. కొసరుగా రెండు పెద్దవి తీసి వదిన ఒళ్లో పెట్టి, "సెయ్యి కడుక్కో అక్కా" అని గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. వదిన తన అరచెయ్యి తానే కడుక్కుని కట్టు కట్టుకుంది. మధ్యాహ్నం రాంజల చెరువు గట్టున నీడలో కూర్చుని ఆ పండ్లు తిన్నాం.

మూడింటికి కర్నూలు బస్సు దొరికింది. దారి పొడుగునా పత్తి తీస్తున్న వాళ్లు, ఎర్రనేల, దూరమయ్యే కొండలు. మా తరువాత వెళ్లేవారికి ఒక్కమాట చెబుతాను. కొండను ఎంచుకునేటప్పుడు ఎక్కే దారి గురించే అందరం అడుగుతాం. దిగే దారి గురించి కూడా అడగండి. పొద్దున్నే బయలుదేరండి, ఎండ నెత్తికెక్కేలోపు దిగిపోండి. ఆ కొండల్లో పండ్లు, గడ్డి కోసుకునేవాళ్లు ఎదురైతే పలకరించండి. ఆ రాళ్లను వాళ్లకంటే ఎరిగినవాళ్లు లేరు.

బస్సు కర్నూలు చేరేసరికి సందెవేళయింది. వదిన ముందు దిగి, అలవాటుగా నాకు కట్టులేని చెయ్యి అందించింది. ఆ చేతికి నా సంచి ఇచ్చాను. కాలు కిందికి పెట్టి, నేల తగిలేదాకా ఆగి, దిగాను.