మిర్యాలగూడ సారు స్పీకరు

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, కాబట్టి మీకు చెప్పగలననుకుంటున్నాను. తెలిసినవాళ్లకు చెబితే ఓదారుస్తారు. నాకు ఓదార్పు వద్దు.

సూర్యాపేటలో నాకు మైకుసెట్లు, ఆంప్లిఫయర్లు బాగుచేసే దుకాణం ఉంది. పెళ్లిళ్ల రోజుల్లో కాలిపోయిన స్పీకర్లు గుట్టలుగా వస్తాయి. వాటిలో చప్పుడుకు అదిరే కాగితం మార్చడం, దాని వెనకుండే రాగి తీగ కాయిల్ చుట్టడం నా బతుకుతెరువు. గిటారు నా పిచ్చి. చిన్నప్పుడు క్యాసెట్లలో విన్న పాత ఇంగ్లీషు రాక్ పాటల్లో గిటారు చప్పుడు ఒకటుండేది, కాస్త బొంగురుగా, కాస్త ఏడ్చినట్టుగా. అది ఒక్కసారైనా నా చేతుల్లోంచి రావాలని కోరిక. దానికోసం ఎన్ని ఆంప్లిఫయర్లు విప్పానో, ఎన్ని స్పీకర్లు మార్చి చూశానో నాకే గుర్తులేదు. మైకుసెట్ స్పీకరు మాటను ఉన్నదున్నట్టు దూరానికి మోస్తుంది. గిటారుకు అది పనికిరాదు. గిటారు స్పీకరు చప్పుడును కొంచెం పాడుచేయాలి, ఎంత చేయాలో అంతే చేయాలి. కొత్తవి ఏవి బిగించినా రేకు మీద గీసినట్టే ఉండేది. ఏళ్ల తరబడి మోగి మోగి కాగితం మెత్తబడిన స్పీకరు కావాలి. అది బజారులో దొరకదు.

అలాంటిదాన్ని సారు తనంతట తానే మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టారు.

సారు మిర్యాలగూడలో లెక్కల టీచరుగా రిటైరయ్యారు. ప్రతి ఆదివారం చర్చిలో గిటారు వాయించేవారు. ఆయన తెచ్చింది పడుచు వయసులో సికింద్రాబాదులో ఒక ఆర్కెస్ట్రా ఆయన దగ్గర కొన్న, గాజు గొట్టాల్లాంటి వాల్వులుండే పాతకాలం ఆంప్లిఫయర్. వాల్వులు వేడెక్కేదాకా ఆగాలి, ఆ ఆగే కాసేపూ ప్రార్థన చేసుకుంటానని నవ్వుతూ చెప్పారు. స్పీకరు గరగరమంటోందట. విప్పి చూస్తే పెద్ద జబ్బేమీ కాదు. కాగితం అంచు చిరిగింది, కాయిల్ కొంచెం పక్కకు జరిగి రాసుకుంటోంది. మర్నాడు రమ్మని ఆయన్ని పంపించాను. పల్చటి కాగితం అతికించి, కాయిల్‌ను మధ్యకు తెచ్చాను. సరిగా వచ్చిందో లేదో చూద్దామని నా గిటారు తగిలించాను.

ఏం చెప్పను? ఇరవై ఏళ్లు నేను వెతికిన చప్పుడు అదే. ఒక్క తీగ మీటేసరికి నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు దగ్గరే ఆగి ఉంటే బాగుండేది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఏ భాగం మార్చినా పాతదాన్ని తెచ్చినవాళ్ల చేతిలో పెట్టాలి. నిజంగా కాలిందో లేదో వాళ్లు కళ్లారా చూసుకోవాలి. మా ఉస్తాద్ నాకు అన్నిటికన్నా ముందు నేర్పింది అదే. నేను ఆ పద్ధతినే అబద్ధానికి వాడుకున్నాను. ఊరేగింపు బ్యాండు వాళ్ల స్పీకరు ఒకటి కాలిపోయి మూలన పడి ఉంది. సైజు ఒకటే. దాని కాగితం అంచు చించి, మసిబారిన కాయిల్‌తో సహా సంచిలో వేసి, మీ పాతది ఇదేనని సారుకిచ్చాను. కాయిల్ మాడిపోయింది, ఇక బాగుకాదని చెప్పాను. కొత్త స్పీకరు బిగించాను. మంచిదే బిగించాను. ఇప్పటికీ నన్ను నేను వెనకేసుకొచ్చేటప్పుడు ఆ మాటే అనుకుంటాను, మంచిదే బిగించానని. సారు స్పీకరును పాత దుప్పటిలో చుట్టి మా ఇంట్లో దాచాను. ఆయన ఆ సంచి విప్పి కూడా చూడలేదు.

నెల తిరిగేసరికి ఆంప్లిఫయర్ మోసుకుని మళ్లీ వచ్చారు. నా గిటారు తగిలించి తీగ మీటారు, తల వంచి విన్నారు, మళ్లీ మీటారు.

"తమ్మీ, గిది నా ఆంప్ లెక్క లేదు. ఏదో తక్కువైంది."

"కొత్త స్పీకర్ గద సారు. జర వాయిస్తే సెట్ అయితది."

"నెల రోజుల సంది వాయిస్తనే ఉన్న. చప్పుడు పల్చగొస్తున్నది. నీకు వినపడ్తలేదా?"

వినపడుతోంది. నాకు వినపడినంత స్పష్టంగా ఇంకెవరికీ వినపడి ఉండదు. అప్పుడైనా నిజం చెప్పవచ్చు. పొరపాటైంది సారు, మీ పాతది బాగయింది అంటే చాలు, ఆయన మరో మాట అడిగే మనిషి కాదు. కానీ నా నోట్లోంచి వచ్చింది వేరు.

"నాకైతే మంచిగనే వినపడ్తుంది సారు. ఇన్నేండ్లు దాని ముంగటనే కూసున్నరు. ఒకసారి చెవులు దవాఖానల సూపిచ్చుకోండ్రి."

ఆయన చేయి తీగల మీదే ఆగిపోయింది.

"గట్లంటవా," అన్నారు. "అయ్యుండొచ్చు తమ్మీ. మా ఇంటామె గూడ అంటది, పిలిస్తే పలుకుతలేవని."

చూపించుకున్నారు. వయసుకు తగ్గట్టు వినికిడి కొంచెం తగ్గిందన్నారట. ఆ వయసులో ఎవరిని పరీక్షించినా ఆ మాటే అంటారు కదా? సారుకు అది చాలింది. సరిగా వినపడని చెవులతో దేవుని పాటను పాడుచేయకూడదని వాయించడం మానేశారు. గిటారు, ఆంప్లిఫయర్ చర్చికే ఇచ్చేసి వెనక వరుసలో కూర్చోవడం మొదలుపెట్టారు. ఇదంతా ఆయనే ఫోన్ చేసి చెప్పారు. ఎందుకు చేశారో తెలుసా? నాకు థాంక్స్ చెప్పడానికి. మిగతావాళ్లు మొహమాటపడ్డారు, నువ్వొక్కడివే ఉన్నమాట చెప్పావన్నారు. ఆ రోజు నేను అన్నం తినలేదు. మర్నాడు మామూలుగానే తిన్నాను.

మరి ఆ స్పీకరుతో నేనేం చేశాను? నా ఆంప్లిఫయర్‌లో బిగించుకున్నాను. కోదాడలో పాత రాక్ పాటలంటే పడిచచ్చే నలుగురం అప్పుడప్పుడు కలిసి వాయించేవాళ్లం. ఒకసారి వినడానికొచ్చిన లెక్చరరు ఒకాయన, ఈ సౌండ్ ఎట్లా పట్టారండీ అని అడిగాడు. ఏళ్ల తరబడి వెతికి ఎంచుకున్నానని చెప్పాను. నీ చెవులకు దండం పెట్టాలన్నారు అందరూ. నేను నవ్వాను. ఒక మనిషికి తన చెవుల మీద నమ్మకం లేకుండా చేసి, నా చెవులకు దండాలు పెట్టించుకున్నాను. ఏడాది వాయించానేమో. ఆ తర్వాత తీగ మీటబోతే చాలు, నీకు వినపడ్తలేదా అన్న సారు గొంతే ముందు వినిపించేది. మళ్లీ దుప్పటిలో చుట్టేశాను. దొంగిలించినదాన్ని వాడుకునే ధైర్యమూ లేదు, తిరిగిచ్చే ధైర్యమూ లేదు. నేనేం మనిషిని?

స్పీకరు దొంగతనం ఒక్కటే అయితే ఏదో ఒక రోజు తిరిగిచ్చి కాళ్లమీద పడేవాణ్నేమో. నేను తీసుకున్నది స్పీకరు మాత్రమే కాదని, అప్పటిదాకా తన చెవులకు వినపడిందే నిజమని నమ్మిన మనిషికి ఆ నమ్మకాన్నే లేకుండా చేశానని తెలుసు కాబట్టే వెళ్లలేకపోయాను.

పోయిన నెల ఎట్టకేలకు వెళ్లాను. స్పీకరు సంచిలో పెట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కాను. సారు కోడలు తలుపు తీసింది.

"మామయ్యకు రెండేండ్ల సంది అసలే వినపడదన్నా. ఏమన్న చెప్పేదుంటే గిండ్ల రాయి," అని నోటుబుక్కు, పెన్ను తెచ్చి ఇచ్చింది.

సారు నన్ను గుర్తుపట్టారు. చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. తన గొంతు తనకు వినపడక, గట్టిగా కోడలితో అన్నారు, "నా చెవుల సంగతి మొదలు చెప్పింది గీ తమ్మియేనమ్మా. మంచోడు."

చివరికి నేనన్నదే నిజమైంది కదా అని ఒక్క క్షణం నా మనసు తప్పించుకునే సందు వెతుక్కుంది. సిగ్గులేని మనసు. మధ్యలో ఏడేళ్లున్నాయి. ఆ ఏడేళ్లూ ఆయనకు వినపడింది. ఏడేళ్ల ఆదివారాలు ఆయన వాయించుకోవలసినవి, చేతులు ఒళ్లో పెట్టుకుని వెనక వరుసలో కూర్చున్నారు.

పెన్ను నా చేతిలోనే ఉంది. సారు కాగితం వైపు చూస్తూ ఎదురుచూస్తున్నారు. ఆరోగ్యం ఎట్లుంది సారు అని రాశాను. సంచితోనే తిరిగొచ్చాను.

అక్కడ రాయలేనిది ఇక్కడ రాస్తున్నాను. సారు దీన్ని చదవరు. చదివితే క్షమిస్తారని తెలుసు, అందుకే క్షమాపణ అడగడానికి నోరు రావడం లేదు. రాస్తుంటే ఇన్నేళ్లకు కాస్త ఊపిరాడుతోంది.

సారూ, ఆ రోజు మీ చెవులకు ఏమీ కాలేదు. మీరు విన్నది నిజం. చప్పుడు మారింది. మార్చింది నేను.