పావురం లేదు

నిజమే పలుకుతానని పల్నాడంతా మైకులో అరిచిన నోరు ఇది. ఇదే నోట్లో ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లు ఉమ్మకుండా, మింగకుండా దాచుకున్నాను. మీకు చెబుతున్నాను. జాలి పడకండి, నాకు నా మీద లేదు.

ఎనభైల చివరి సంగతి. నరసరావుపేటలో మైకుసెట్లు అద్దెకిచ్చే మస్తాన్ నా స్నేహితుడు. పక్షవాతానికి పావురాన్ని కోసి రక్తం పూసే నాటువైద్యుల్ని నేను హేతువాద సభల్లో చీల్చి చెండాడుతుంటే, నా ఎత్తుకి మైకు సరిచేసేది అతనే. ఒకనాడు అతని మాట తడబడింది, మూతి వంకర పోయింది. నేనూ, అతని భార్య జాన్‌బీ కలిసి గుంటూరు తీసుకెళ్లాం. అప్పుడప్పుడే వచ్చిన మెదడు స్కానింగు తీయించాను. ఫిల్ములో మచ్చ లేదు.

చదువుకున్నవాణ్ణని డాక్టరు నాతో ఇంగ్లీషులో మాట్లాడాడు. ఇంత తొందరగా తీస్తే కనపడకపోవచ్చు, ఏ కాస్త ముదిరినా వెంటనే తీసుకురండి, మళ్లీ తీద్దాం అన్నాడు. మందులు రాసి పంపేశాడు.

"ఏమన్నాడన్నా?" అంది జాన్‌బీ.

"ఫోటోలో ఏమీ లేదన్నాడు" అన్నాను. మిగతా సగం ఎందుకు మింగాను? మర్నాడు కారంపూడిలో నా సభ. అక్కడ ఎత్తి చూపడానికి నాకు మచ్చలేని ఫిల్ము కావాలి.

పొద్దున్నే ఆమె మా గుమ్మంలోకి వచ్చింది.

"అన్నా, రాత్రి గ్లాసు పట్టుకున్న చెయ్యి ఇప్పుడు లేవట్లా. ఇంకోసారి ఫోటో తీయిద్దాం పా."

"నిన్ననేగా తీసింది! మిషను అబద్ధం చెబుద్దా? లేకపోతే నీ మనసు పావురం మీదికి పోయిందా?"

"పావురం ఊసు నేనెత్తానా? ఫోటో నిన్నటిది, మనిషి ఇయ్యాల్టోడు. అదేందన్నా, నీకు కనపడట్లా?"

సభకి పోయాను. ఎవరిదో మైకు, కీచుమంటానే ఉంది. ఫిల్ముని ట్యూబులైటుకి ఎత్తి పట్టి, ఇందులో గాలి ఉందా, దయ్యం ఉందా అని అరిచాను. చప్పట్లు. వాళ్లకి ఆ ఫిల్ము చదవడం రాదు. నాకూ రాదు. తాయెత్తులమ్మేవాడికీ నాకూ తేడా ఏంది? వాడు కనీసం తన సరుకుని సైన్సు అనడు.

మర్నాటికి మస్తాన్‌కి మాట పూర్తిగా పడిపోయింది. అప్పుడు మళ్లీ గుంటూరు తీసుకెళ్లాం. రెండో ఫిల్ములో నల్లటి మచ్చ, చదవడం రానివాడికి కూడా కనపడేంత. ముదిరిన వెంటనే ఎందుకు తేలేదని డాక్టరు అడిగాడు. అసలు తప్పు అప్పుడు చేశాను. ఇంగ్లీషులో, తొణక్కుండా, "ఆవిడే ఆపింది, పావురం రక్తం పూయిస్తానంది" అన్నాను. డాక్టరు ఆమె వంక అసహ్యంగా చూశాడు. ఏమన్నానో ఆమెకి తెలియదు. బతిమాలుతున్నాననుకుంది. నెత్తిన కొంగు సర్దుకుని ఆయనకి చేతులు జోడించింది.

తర్వాత ఆ పావురం మీద వ్యాసం కూడా రాశాను. పేరు రాయలేదు. పేటలో అందరికీ తెలిసింది. మొగుడి గొంతు కోసిందని ఆమెని బంధువులే అన్నారు.

వెంటనే తీసుకెళ్తే మాట దక్కేదా? తెలియదు. ఈ 'తెలియదు' చాటున చానా ఏళ్లు హాయిగా బతికాను. హేతువాదిని కదా, రుజువు లేనిదే నేరం ఒప్పుకోను! ఇప్పుడు స్ట్రోకు ముదిరితే ఎమ్మారై మళ్లీ తీసి, పాతదాని పక్కన పెట్టి చూస్తారట. జాన్‌బీ ఆనాడు అడిగింది అదే.

పావురం లేదు. రక్తం లేదు. స్కానింగు కావాలన్నది ఆమె. వద్దన్నది నేను. ఈసారి ఇంగ్లీషులో చెప్పలేదు. జాన్‌బీ కూడబలుక్కుని చదవగల తెలుగులో రాశాను.