సీమావు ఒంట్లో బిడారం

నాగలమడిక నుంచి బెంగళూరుకు చాలాసార్లు వెళ్ళినవాణ్ణి. (అంటే మూడుసార్లు. అందులో ఒకటి తుమకూరు దాకానే.) కానీ ఒక ఆవు తరఫున వెళ్ళడం అదే మొదలు.

ఆవు మా చెల్లెలు రత్నమ్మది. నేను ఉండేదీ ఆమె ఇంట్లోనే. నా భార్య పోయాక నాలుగు రోజులు ఉండి పోదామని వచ్చాను. ఆ నాలుగు రోజులు ఇంకా పూర్తి కాలేదు. ఆ ఏడు కూడా వాన మొహం చాటేసింది. శనక్కాయ విత్తనం నేలలోనే మాడిపోయింది. ఊళ్ళో చాలామంది మట్టి పనులకని బెంగళూరు బస్సెక్కారు. రత్నమ్మ ఎక్కలేదు. చెవికమ్మలు అమ్మి, పాలెక్కువిచ్చే సీమావును కొనింది. డెయిరీకి పోసే ఆ పాలతోనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. ఎండకు తట్టుకోలేదని దాన్ని ఇంటి లోపల, నేను పడుకునే చోట కట్టింది. నేను వసారాలోకి మారాను. నాకేమీ బాధ కలగలేదని రాద్దామనుకున్నాను గానీ, కలిగింది.

ఒకరోజు ఆవు మేత మానేసింది. ఒళ్ళు కాలిపోతోంది. ముందు జబ్బ దగ్గర గుమ్మడికాయంత గడ్డ లేచిందని ఊరంతా చెప్పాను. నిజానికి నిమ్మకాయంత. పావగడ నుంచి పశువుల డాక్టరు మోటారు సైకిలు మీద వచ్చి, చెవుల వెనక అంటుకుని నెత్తురు తాగే పిడుదులు చూశాడు. గోడ రాళ్ళ సందుల్లో దాక్కున్న పిడుదులు కూడా చూశాడు. గడ్డలోకి సూది పొడిచి, వచ్చిన చుక్కను రెండు గాజు పలకల మీద పలచగా పూశాడు.

"పిడుదు జ్వరమని నా అనుమానం. దీనికి సూదిమందు ఉంది, ఈ పక్క దొరకదు. వేరే జ్వరమైతే ఆ మందు పనికిరాదు. వీటిని బెంగళూరు ల్యాబులో చూపించి, అవునంటే మందు తెండి. ఆలస్యమైతే ఆవు దక్కదు" అన్నాడు.

"నేను పోతా" అన్నాను.

"నువ్వా?" అంది రత్నమ్మ.

"ఇంగెవురుండారు?"

"అదే కదన్నా నా బాధ."

తెల్లారి మొదటి బస్సుకు బయలుదేరాను. పలకల్ని రత్నమ్మే పాత చీరగుడ్డలో చుట్టి, "యాడా విప్పొద్దు" అని చేతికిచ్చింది. పావగడలో దిగి, టీ తాగి, మధుగిరి మీదుగా బెంగళూరు పోయే బస్సు పట్టుకున్నాను. ఈ దారిన పోదలచినవారు ఎడమ పక్క కూర్చోవద్దు, పొద్దుటి ఎండ అటే కొడుతుంది. ఖాళీ ఉన్నా ముందు సీటు జోలికి పోవద్దు. దానికి ఒక యజమాని ఉన్నాడు. తెల్లచొక్కా, పెద్ద గడియారం. కండక్టరు అందరికీ టికెట్లు కొట్టి, ఆయన దగ్గరికి వచ్చేసరికి కిటికీలోంచి కొండల్ని చూడడం మొదలుపెట్టాడు.

"ఎవురప్పా ఆయన?" అని గుసగుసగా అడిగాను.

"పార్టీ మనిషి సామీ."

"ఏ పార్టీ?"

"అది ఏడాదిని బట్టి. చొక్కా మారుస్తాడు గానీ సీటు మార్చడు."

పక్కన కూర్చున్న పెద్దావిడ నా ఒళ్ళో మూట కేసి చూసింది. "ఏందిన్నా, అంత భద్రంగా పట్టుకోనుండావు? కోడిగుడ్లా?"

"ప్రాణాలమ్మా. ఇరవై ఆవుల ప్రాణాలు. గవర్నమెంటు నన్ను ప్రత్యేకంగా పంపతా ఉండాది."

ఆమె ఒద్దికగా జరిగి నాకు మరింత చోటిచ్చింది. ఒకే ఆవని, పంపింది రత్నమ్మేనని మధుగిరి దాటాక ఒప్పుకున్నాను. ఇచ్చిన చోటును ఆమె వెంటనే వెనక్కు తీసుకుంది.

తుమకూరు పక్కన క్యాతసంద్రలో పళ్ళెమంత తట్టె ఇడ్లీ తిన్నాను. అది తినకుండా పోయేవాడికి ప్రయాణం చేతకాదని నా అభిప్రాయం. బెంగళూరు చేరేసరికి ల్యాబులో నమూనాలు తీసుకునే పొద్దుటి వేళ దాటిపోయింది. ఇక రాత్రికి పావగడవాళ్ళందరి సత్రమైన శ్రీనివాసులు రూముకు పోయాను. ఏదో ఆఫీసులో గుమాస్తా, పెళ్ళికాలేదు, కాదనడం తెలియనివాడు. తలుపు తీసింది మాత్రం గంగాధరప్ప.

గంగాధరప్పది మా పక్క ఊరు. పొలం కేసు వాయిదాకని ఒక్కరోజు కోసం వచ్చాడు. కోర్టు కేసును కొట్టేసింది, ఆయన మాత్రం రూములోనే ఉండిపోయాడు. వచ్చిన కొత్తలో చారు ఘుమఘుమలాడేలా కాచేవాడట. ఇప్పుడు అగ్గిపెట్టె ఎక్కడుందో కూడా తెలియదు. శ్రీనివాసులు మెట్లెక్కే చప్పుడు మాత్రం వీధి మొదట్లోనే పసిగట్టి, లేచి కంచం ముందు కూర్చుంటాడు.

"ఇల్లు మారితే పోతాడనుకొంటి" అన్నాడు శ్రీనివాసులు, నాకు అన్నం వడ్డిస్తూ. "సామాన్లు వేసే లోపలే లారీలో కూర్చున్నాడు. మా తమ్ముడు వేరే రూము తీసుకున్నాడు కదా, ఆడ గూడా ఈయనకొక చాప ఉండాది."

"నన్ను వదిలి వాళ్ళు ఉండలేరప్పా" అన్నాడు గంగాధరప్ప, పెరుగు దగ్గరికి లాక్కుంటూ.

పొద్దున ల్యాబుకు అందరికన్నా ముందు చేరాను. అక్కడి మేడమ్‌ది కోలారు పక్క, మన తెలుగే. గుడ్డ విప్పి, పలకల్ని వెలుతురుకు ఎత్తి చూసి, "ఏంది తాతా ఇది?" అంది.

రెండు పలకల మధ్యలోనూ తడి పసుపు రాసి, పైన కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

మా వైపు మంచికని బయలుదేరే వస్తువు ఏదైనా సరే, విత్తనాల గంపైనా, బోరులోకి దించే మోటారైనా, బొట్టు లేకుండా గడప దాటదు. ఆవు ప్రాణం మోసుకుపోయే గాజుకు రత్నమ్మ బొట్టు పెట్టకుండా ఎట్లా పంపుతుంది? ఆ సంగతే చెప్పాను. మేడమ్ నవ్వింది గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"పూసిందంతా తడికి చెదిరిపోయింది. మళ్ళీ తేవడానికి టైమ్ ఉందా?"

"రెండు రోజులు పడతాదమ్మా. ఆవు నిలబడేట్లు లేదు."

ఆమె పలకలకు రంగు పోసి, ఆరబెట్టి, సూక్ష్మదర్శిని ముందు కూర్చుంది. మొదటి పలకను కాసేపటికే పక్కన పడేసింది. రెండోదాని అంచు వెంబడి వెతుకుతూ పోయింది. వెంకటరమణ స్వామికి తలనీలాలు మొక్కాను. (బట్టతల సంగతి అప్పుడు గుర్తు రాలేదు.)

"ఉంది" అంది చివరికి. "రా, చూడు."

ఒక కన్ను మూసి చూశాను. ఊదారంగు ఉండ ఒకటి కనబడింది. దాని లోపల నీలం మచ్చ, ఆ మచ్చలో ఎర్రటి చుక్కలు.

"కుంకుమ?"

"కుంకుమ కాదు, అదే రోగం. పేరు థైలేరియా. అది కూర్చున్నది ఎక్కడో తెలుసా? తెల్లకణంలో. ఒంట్లోకి జొరబడిన వాటిని పట్టి చంపే పోలీసు అది."

"పోలీసు స్టేషన్లోనే కాపురమా!"

"అవును. లోపలికి పోతూనే, కణం తన చుట్టూ కట్టిన సంచిని విప్పేసుకుంటుంది. కణాన్ని ఊరికే పెరగమని, చీలమని పురమాయిస్తుంది. గడ్డ అందుకే లేస్తుంది. కణం రెండుగా చీలేటప్పుడు జన్యువుల్ని చెరో పక్కకు లాగే దారాలుంటాయి. వాటినే పట్టుకుని తానూ రెండుగా పంచుకుని, రెండిళ్ళలోనూ చేరుతుంది."

"లారీ ఎక్కినాడు, తమ్ముడి రూములో చాపా వేసినాడు" అన్నాను.

గంగాధరప్ప కథ చెప్పాల్సి వచ్చింది. మేడమ్ పెన్ను కింద పెట్టి విన్నది.

"ఆయన చారు మరిచిపోయినట్టే ఇదీ తన తిండి తాను చేసుకోవడం మరిచింది తాతా. కాకపోతే ఒక్క బతుకులో కాదు, లెక్కలేనన్ని తరాల్లో. జన్యువుల నకలు తీసేటప్పుడు తప్పులు పడుతుంటాయి. బయట బతికే పురుగుకు ఆహారం తయారుచేసే జన్యువు చెడితే చస్తుంది. లోపల ఉండేదానికి చెడినా నష్టం లేదు, కణమే పెడుతుంది కదా. అట్లా ఒక్కొక్కటీ పోయినాయి. పట్టుకోవడానికి, దాక్కోవడానికి పనికొచ్చే జన్యువులు మాత్రం చెడితే బతుకే లేదు, అందుకని అవి నిలిచినాయి. పైచొక్కా తయారుచేసే జన్యువులో మార్పు పడి, ఆవు ఒళ్ళు దాన్ని గుర్తుపట్టలేకపోతే ఆ రకం దండిగా పెరుగుతుంది."

బస్సులో ముందు సీటు కళ్ళ ముందు మెదిలింది. కానీ గవర్నమెంటు ఆఫీసు, మాట ఆవుల మీదికి మళ్ళించాను.

"మరి మా నాటావులకు ఇదే పిడుదు కరిస్తే రెండు రోజులు మూలిగి లేస్తాయే?"

"వాటికీ దీనికీ ఎంతో కాలంగా పొత్తు. కూర్చుని ఒప్పందం రాసుకోలేదు తాతా. ఒప్పుకోనివాళ్ళు రెండు పక్కలా చచ్చిపోయినారు. మిగిలినవాళ్ళు సర్దుకున్నారు. మీ సీమావు కొత్తది, ఆ సర్దుబాటు దాని ఒంట్లో లేదు."

"మందేస్తే మొత్తం పోతాదామ్మా?"

"ఆవు లేస్తుంది. ఇవి మాత్రం కొన్ని లోపల మిగులుతాయి, బహుశా చివరిదాకా. అవి ఉన్నన్నాళ్ళు ఈ జ్వరం మళ్ళీ గట్టిగా పట్టదు."

ఆమె రాసిచ్చిన మందును కొనుక్కుని, అన్నం మాట మరిచి మధ్యాహ్నం బస్సెక్కాను. మధుగిరి దాటాక చక్రం పంచరైంది. డ్రైవరు తీరిగ్గా బీడీ వెలిగించుకుంటే, స్టెప్నీని నేనే దొర్లించానని రాయాలని ఉంది. దొర్లించినవాళ్ళ మీద కేకలేశాను, అంతే. దీపాలు పెట్టే వేళకు పావగడలో దిగి, డాక్టరు బండి వెనక కూర్చుని ఊరు చేరాను. రత్నమ్మ ఆవు తలను ఒళ్ళో పెట్టుకుని ఉంది. దాని ఊపిరి ఎగబోస్తోంది. డాక్టరు మెడ కండలో సూది వేశాడు. రత్నమ్మ ఆ రోజూ తినలేదు, మర్నాడూ తినలేదు. నేను తిన్నాను.

ఆ తర్వాతి పొద్దున ఆవు లేచి, వేలాడేసిన చెవులు నిలబెట్టి, జొన్నసొప్ప అందుకుంది. రత్నమ్మ ఏడ్చి, మొహం కడుక్కుని, అప్పుడు నా మొహం చూసి, "బొట్టు పెట్టింది పనిచేసింది చూడన్నా" అంది. నిజం చెప్పబోయి మింగేశాను.

మిగిలిన సంగతి మాత్రం చెప్పాను. "కొన్ని లోపలే ఉంటాయంట."

"ఊరికే తింటా ఉంటాయా?"

"ఊరికే కాదు. అవి ఉంటే ఈ జ్వరం మళ్ళీ పెద్దగా రాదంట."

రత్నమ్మ చెంబు కడుగుతూ అంది. "అట్లయితే ఉండనీలే. వాటికైనా ఒక పని ఉండాది."

ఆ మాట ఆమె నావైపు చూసి అనలేదు. చూసి ఉంటే బాగుండేది.

ఆ మధ్యాహ్నమే మన్ను పిసికి, పిడుదులు దాక్కునే గోడ సందులన్నీ మెత్తాను. గోడంతా నేనే మెత్తానని ఊళ్ళో చెప్పుకుంటున్నాను. చెయ్యి అందినంత వరకే నాది. పైదంతా రత్నమ్మ మెత్తింది.