ముఖం ఒక్కటి తప్ప

మా కూతురికి కాన్పు అయ్యేదాకా నేను ఫోన్‌తో తీసిన ఫోటోలు మూడే. ఒకటి కరెంటు మీటరు, ఒకటి గ్యాసు బుక్కు, ఇంకొకటి జబ్బు చేసిన మేక. మేకను పశువుల డాక్టరుకు చూపించాలని తీశాను. ఆయన ఫోటో చూసి, "ఇది మేకామ్మా, నీ బొటనవేలా?" అని అడిగాడు. అయిదో తరగతి సగంలో బడి మానేసినదాన్ని, ఫోన్‌లో అక్షరాలు కూడబలుక్కునేలోపల దీపం ఆరిపోతుంది. అందుకని బొమ్మలను బట్టి గుర్తు పెట్టుకుంటాను. గుండ్రంగా కన్నులాగా ఉండేది ఫోటో తీసేది. కాగితం బాణంలాగా ఉండేది పంపించేది. అంతే నా చదువు.

కదిరి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. మూడో రోజు తల్లినీ బిడ్డనూ నల్లమాడ పక్కన మా ఊరికి తీసుకొచ్చాం. పుట్టిన గడియ చెబితే అయ్యవారు పంచాంగం తిప్పి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ తిప్పాడు. నక్షత్రం తండ్రికి మంచిది కాదన్నాడు. ఇరవై ఏడో రోజుకు అదే నక్షత్రం తిరిగి వస్తుంది, ఆ రోజు శాంతి చేయించి, గిన్నెలో నూనె పోసి, ఆ నూనెలో కనిపించే బిడ్డ ముఖాన్ని తండ్రి మొదట చూడాలి. అంతవరకు బిడ్డ ముఖం తండ్రి కంట పడకూడదు.

ఆ తండ్రి వేరెవరో కాదు, మా అన్న కొడుకే. నా చేతి ముద్దలు తిని పెరిగినవాడు. బోరు బండి మీద పని. ఆ రోజుల్లో వాళ్ళ బండి కణేకల్ దాటి కర్ణాటకలో ఎక్కడో బోర్లు వేస్తోంది. వాడి తల్లి, అంటే మా వదిన, సంగతి వినగానే కొత్తచెరువు నుంచి సంచీ సర్దుకుని వచ్చి మా ఇంట్లో దిగింది. మనవరాలిని చూడటానికి అని అందరికీ చెప్పింది. నిజానికి కాపలాకు వచ్చింది.

ఆమెను తప్పుపట్టలేం. ఉన్నది వాడొక్కడు. ఇరవై అడుగుల ఇనుప రాడ్లు నెత్తి మీద ఊగుతుంటే కింద నిలబడి చేసే పని వాడిది. ఒకసారి ఆ పని కళ్ళారా చూసొచ్చినప్పటి నుంచి ఆమె ఫోన్ మోగితే చాలు గుండె పట్టుకుంటుంది. అలాంటిదానికి నక్షత్రం మాట చెబితే ఎలా ఉంటుంది?

వాడు మాత్రం గంటకోసారి ఫోన్.

"అత్తా, ఒగ ఫోటో అన్నా పెట్టత్తా. నా బిడ్డ ఎట్లుండాదో నాకే తెల్దంటే ఎట్ల?"

వదిన ఫోన్ లాక్కుంది. "నోరు మూసుకోని బోరు సంగతి చూసుకో. ఫోటోలో ఉండేది ముఖం కాక మోకాలా?"

"మోకాలే పెట్టు మా! నేనేమన్నా వద్దన్యానా?"

వాడు కోపంతో అన్నాడు గానీ ఆ మాట నాకు పట్టుకుంది. మరుసటి పొద్దున అయ్యవారికి ఫోన్ చేశాను.

"సామీ, ముఖమే గదా చూడగూడదనింది? కాళ్ళూ చేతులూ?"

ఆయన, "శాస్త్రంలో కాళ్ళ మాట లేదమ్మా," అన్నాడు.

అలా మొదలైంది నా ఫోటోల పని. కూతురు నేర్పింది గానీ, వదిన దాన్ని ఫోన్ ముట్టుకోనివ్వలేదు. బాలింత ఫోన్ చూస్తే కళ్ళు పోతాయట. అందుకని చెవుల్లో దూది పెట్టుకుని, తలకు గుడ్డ కట్టుకుని మంచం మీద నుంచే అది నాకు పాఠం చెప్పేది. నేను అడిగింది దానికి వినపడేది కాదు. అది చెప్పింది నాకు అర్థమయ్యేది కాదు.

మొదటి ఫోటో కుడికాలు. నలుగు పెట్టి నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ చూపించి, పాత చీరగుడ్డలో చుట్టి, ఒక్క కాలు మాత్రం బయటికి తీశాను. చూసేది కాలినే కాబట్టి దిష్టి కూడా కాలికే తగులుతుందని వదిన అరికాలు నిండా రూపాయి బిళ్ళంత కాటుక బొట్టు పెట్టింది. సరిగ్గా నొక్కే వేళకు పిల్ల కాలు విదిలించింది. అయినా పంపించాను. రెండు నిమిషాల్లో వాడి గొంతు వచ్చింది.

"అత్తా, ఇదేమి, ఉర్లగడ్డనా? నల్లగా కుళ్ళిపోయిన దుంప మాదిరుండాది."

"ఉర్లగడ్డ మీ అత్త ముఖం! నీ కూతురి కాలు రా అది!"

"నువ్వే గదా మా అత్త," అన్నాడు.

ఒక వారంలో చేయి కుదిరింది. పసిబిడ్డ ఫోటోకు కొన్ని పద్ధతులున్నాయని నాకు నేనే కనిపెట్టుకున్నాను. స్నానం అయ్యాక తాగి నిద్రపోయేటప్పుడే తీయాలి, ఆకలి వేళ అయితే చేతులు గాలిలో పొగలాగా పడతాయి. గడపకు అడ్డంగా చాప వేసి పడుకోబెట్టి, ఎండ పిల్ల మీద పడకుండా వెలుతురు మాత్రం పడేలా చూసుకోవాలి. తీసేవాళ్ళు ఊపిరి బిగబట్టాలి. బొటనవేలు ఎక్కడుందో ఒకసారి చూసుకోవాలి.

తీసినవన్నీ వదిన చూసి సరే అంటేనే పంపాలి. చేతివేళ్ళు సరే. బొడ్డు సరే. మోకాలి గుంట సరే. చెవి దగ్గర పెద్ద గొడవయింది.

"చెవి ముఖంలో లెక్క," అంది వదిన.

"అదెట్ల వదినా? కడిగేటప్పుడు ముఖం కడుక్కోని రా అంటాము. చెవులు కడుక్కోనొస్తామా?"

"కమ్మలు పెట్టుకుంటే ముఖం బాగుండాదంటారా, తల బాగుండాదంటారా?"

మళ్ళీ అయ్యవారికి ఫోన్. ఆయన పాపం ఎవరి ఇంట్లోనో గృహప్రవేశం చేయిస్తున్నాడు. వెనక వాయిద్యాలు మోగుతుంటే గట్టిగా అరిచాడు. "కన్నూ ముక్కూ నోరూ వద్దు! తక్కినదంతా మీ ఇష్టం! నన్నొదిలిపెట్టండి!"

చెవి ఫోటో వెళ్ళింది. ఆ చెవిని వాడు బండి మీద ఉన్న వాళ్ళందరికీ చూపించాడట. "అందరూ నా చెవే అంటాండారత్తా," అని మురిసిపోయాడు. తర్వాత, "ముక్కెట్లుండాది? నోటితో చెప్పు. చెప్తే దోషం లేదు గదా," అన్నాడు.

"ముక్కు నీదే రా."

"అంటే లావా?"

పక్క నుంచి వదిన, "నా కొడుకు ముక్కుకేమొచ్చిందే? కోటేరేసినట్లుంటే!" అని నా మీద పడింది.

ఇలా నవ్వుకుంటూ పదిహేడో రోజు దాకా వచ్చాం. ఆ రోజే నేను పొరపాటు చేశాను.

ఆ పొద్దున పిల్లకు నీళ్ళు పోయడానికి పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. పిల్లను బోర్లా వేసుకుని వీపుకు నూనె రాశాను. ఆ నూనె వీపు మీద వెలుతురు పడి, అప్పుడే తీసిన వెన్న ముద్దలాగా మెరిసింది. ఇంత మంచి ఫోటో మళ్ళీ దొరకదని కొంగుకు చేయి తుడుచుకుని ఫోన్ తీశాను. ఊపిరి బిగబట్టాను. బొటనవేలు చూసుకున్నాను. వదినకు చూపించాను. "వీపే గదా, పంపు," అంది. కాగితం బాణం నొక్కాను.

మేమిద్దరం వీపును చూశాం. వీపు పక్కనే ఉన్న స్టీలు బిందెను చూడలేదు. ఆ బిందెను ఆ పొద్దుననే వదిన బూడిదతో రుద్ది రుద్ది అద్దంలాగా తోమింది. పిల్ల ముఖం బిందె వైపు తిరిగి ఉంది. అప్పుడే ఆవలించింది కూడా.

రోజూ అయితే రెండు నిమిషాల్లో ఫోన్ వచ్చేది. ఆ రోజు రాలేదు. పనిలో ఉన్నాడేమో అనుకున్నాం. మరుసటి రోజు అరచేయి పంపాను. జవాబు లేదు. గంటకోసారి మోగే ఫోన్ మోగకపోతే ఇల్లంతా బోసిపోయింది. వదిన గుండె పట్టుకుని కూర్చుంది.

ఆ సాయంత్రం చేశాడు. "పాప వాళ్ళమ్మకియ్యి అత్తా," అన్నాడు. కూతురు చెవిలోని దూది తీసింది. మాకూ వినపడేలా పెట్టాను.

"నువ్వు దిగులు పడాకు," అన్నాడు దానితో. "బెంగళూరులో పెద్ద డాక్టర్లుండారు. ఈ బోరు పని కాకపోతే ఇంకో రెండు పనులు చేస్తా. బిడ్డ ఎట్లున్యా నా బిడ్డే."

"ఏమి మాట్లాడతాండావు బావా? తాగినావా?"

"నాకు తెలిసిపోయింది లే. నక్షత్రమూ లేదు, ఏమీ లేదు. నేను తట్టుకోలేనని మీరంతా ఒకటై కాళ్ళూ చెవులూ చూపిస్తాండారు. బిందెలో చూసినా నేను."

ఫోన్‌లో ఆ ఫోటో తీసి వేళ్ళతో పెద్దది చేసి చూశాం. బిందె కడుపులో మా బంగారు తల్లి ముఖం గుమ్మడికాయంత వెడల్పు అయిపోయి ఉంది. నుదురే లేదు. ఒక కన్ను చిన్నది, ఒకటి పెద్దది. ఆవలించిన నోరు చీలి చెవి దాకా సాగింది. నాకు నవ్వొచ్చింది. కూతురి ముఖం చూసి ఆ నవ్వు మింగేశాను.

ఒట్లు వేశాం. మా కులదేవత మీద వేశాం, వాడి తల మీద వేశాం. వాడు "ఊ" అంటున్నాడే గానీ నమ్మలేదు. అన్నీ అబద్ధాలనుకునేవాడికి ఒట్టు ఒక లెక్కా? ఒక్క ఫోటో పంపితే తీరిపోయే బాధ. ఆ ఒక్కటే పంపకూడదు. వదిన అయ్యవారికి ఫోన్ చేసి, వాడు బిందెలో చూసేశాడు, ఇప్పుడెట్లా అని ఏడ్చింది.

"వంకరగా కనపడింది ముఖం కాదమ్మా," అన్నాడాయన. "దోషం లేదు."

"వాడు ఆ వంకరనే ముఖమనుకుంటాండాడు సామీ!"



మరుసటి పొద్దున పది గంటల బస్సుకు వాడే దిగాడు. బోరు పిండి, అదే రాయి తొలిస్తే లేచే దుమ్ము, తెల్లగా జుట్టు నిండా, కనురెప్పల మీద కూడా. గుడ్డలు కూడా మార్చుకోకుండా పని మీద నుంచి అలాగే వచ్చేశాడు. వదిన గడపకు అడ్డంగా చేతులు చాపి నిలబడింది.

"ఇంకా ఎనిమిది దినాలుండాది రా. నా మాటిను."

"జరుగు మా. ఏమైనా సరే, చూసేపోతా."

"నీకేమన్నా అయితే?"

"ఇట్లనే ఉంటే రాడ్డు మీద పడేదాకా ఎందుకు మా, దిగులుతోనే పోతా."

ఆ మాటకు వదిన చేతులు కిందికి దిగాయి.

నా వైపు తిరిగింది. "ఏమ్మే, అయ్యవారు చూడగూడదన్యాడు. ముట్టుకోగూడదన్యాడా?"

"అనలేదు వదినా."

"అయితే ఆ తువ్వాలియ్యి."

వాడిని అరుగు మీద కూర్చోబెట్టి కళ్ళకు తువ్వాలు కట్టింది. ముఖం ముందు చేయి పెట్టి, "ఎన్ని వేళ్ళు?" అని అడిగింది.

"నాలుగు," అన్నాడు వాడు ఊరికే.

నాలుగే. రెండో తువ్వాలు తెప్పించి దాని మీద ఇంకో చుట్టు కట్టింది. చేతులు కడుక్కోమంది. సబ్బుతో మూడుసార్లు కడిగినా గోళ్ళ సందుల్లో గ్రీజు పోలేదు. సర్లే అని పిల్లను ఒళ్ళో పెట్టింది.

వాడు ఒక్క వేలితో మొదలుపెట్టాడు. నుదురు. బిందెలో లేని నుదురు ఉందని తెలిసి అక్కడ కాసేపు ఆగాడు. కనుబొమ్మలు, ఒకటి, రెండు. ముక్కు. అవి త్వరత్వరగా తడిమి పెదవుల దగ్గరికి వచ్చాడు. పై పెదవి మీద వేలిని ఈ చివరి నుంచి ఆ చివరికి జరిపాడు. మళ్ళీ జరిపాడు. మళ్ళీ. కూతురు మంచం దిగి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది, బాలింత గాలికి రాకూడదని వదిన కూడా అనలేదు. నాలుగోసారి వేలు నోటి మీదికి రాగానే పిల్ల పాలు అనుకుని దాన్ని గబుక్కున పట్టేసుకుంది. పట్టి గట్టిగా చప్పరించింది.

"అత్తా," అన్నాడు. రెండు తువ్వాళ్ళ కింద నుంచి నీళ్ళు దిగి చెంపల మీద బోరు పిండిలో చారలు కట్టాయి.

"ఏడ్వాకు రా," అంది వదిన, తాను ఏడుస్తూనే. "ఏడిస్తే తువ్వాలు జారుతాది."

నేను ఫోన్ తీశాను. బొటనవేలు ఎక్కడుందో చూసుకున్నాను. గుండ్రటి కన్ను నొక్కాను.

"టిక్కుమనింది," అన్నాడు వాడు, తల నా వైపు తిప్పి. "తీసినావా అత్తా? బాగొచ్చిందా?"

వచ్చింది. నేను తీసిన వాటిల్లో అంత మంచిది మళ్ళీ రాలేదు. కళ్ళకు గంతలతో నవ్వుతూ ఏడుస్తున్న తండ్రి, వాడి వేలిని చప్పరిస్తూ కళ్ళు పెద్దవి చేసుకుని నేరుగా ఫోన్ వైపు చూస్తున్న పిల్ల.

"నాకు పంపత్తా."

"ఎనిమిది దినాలకు పంపుతా లే నాయనా."

వదిన నా చేతిలోంచి ఫోన్ లాగేసుకుని రొంటిన దోపుకుంది. మధ్యాహ్నం బస్సు వాడిని తీసుకుపోయేదాకా బయటికి తీయలేదు. ఆ తర్వాత ఆ ఎనిమిది రోజులూ నీళ్ళకు వచ్చినవాళ్ళకూ, పాలు పోసేవాళ్ళకూ, బాలింతను పలకరించడానికి వచ్చినవాళ్ళకూ తనే తీసి చూపించింది. ఊళ్ళో ఆ ఫోటో చూడనివాళ్ళు ఇద్దరే మిగిలారు. ఆ ఇద్దరూ అందులోనే ఉన్నారు.